గ్లాసు ఒకరిది, స్టీరింగు ఒకరిది

ఇద్దరే కారులో మూడు నాలుగు రోజులు తిరిగి రావాలనుకునే దంపతులకు ఈ అధ్యాయం. ఉదాహరణకు ఒక చిక్కు ప్రయాణాన్నే తీసుకుంటున్నాను: కాలిఫోర్నియాలోని నాపా, సొనోమా ద్రాక్షతోటల దారి. చిక్కు ఏమిటంటే, ఆ దారిలో మలుపు మలుపుకీ ఒక వైనరీ ఉంటుంది, ప్రతి వైనరీలోనూ గ్లాసులు బారులు తీరి ఉంటాయి, బయట మీ కారు ఉంటుంది. ఇద్దరిలో ఒకరు తాగకూడదు. తిరుమలకు వెళ్లినా, ఊటీకి వెళ్లినా ఇద్దరికీ దాదాపు ఒకే అనుభవం దక్కుతుంది. ఇక్కడ అలా కుదరదు. ఒకరి సరదా కోసం ఇంకొకరు పగలంతా ఏదో ఒకటి వదులుకోవాల్సిందే. సంసారంలో ఎప్పుడో పదేళ్లకొకసారి బయటపడే ప్రశ్న ఇక్కడ పొద్దున పదిన్నరకే ఎదురొస్తుంది.

బే ఏరియాలో ఫ్రీమాంట్, సన్నీవేల్, శాన్ రామోన్ వైపు ఉండే తెలుగువాళ్లకు ఆ లోయ, ట్రాఫిక్ కరుణిస్తే, రెండు గంటల లోపు దారి. పిల్లల్ని చూసుకోవడానికి ఇండియా నుంచి అమ్మమ్మో నానమ్మో వచ్చి ఉన్న వేసవిలో, పెళ్లిరోజు వంక పెట్టుకుని బయల్దేరే జంటలు చాలా. ఏళ్ల తరబడి స్కూలు డ్రాపులు, కాస్ట్‌కో సామాన్లు, ఆఫీసు కాల్స్ మధ్య పొడిపొడిగా మాట్లాడుకున్న ఇద్దరు ఒక్కసారిగా మూడు రోజులు పక్కపక్కన కూర్చుంటారు. మాటలు వెతుక్కోవాల్సి వస్తుంది. అందుకే దీన్ని ఉత్త షికారని తేలిగ్గా తీసేయకండి. ముందే తేల్చుకోవాల్సినవి కొన్ని ఉన్నాయి. వాటిలో హోటల్ బుకింగ్ ఆఖరిది.

నేలమాళిగలో ఆయన, వరండాలో ఆవిడ

ఈ లోయకు హనీమూన్‌కు వచ్చిన ఒక పాతకాలపు జంట సంగతి ముందు చెప్పాలి. ‘ట్రెజర్ ఐలాండ్’ రాసిన రాబర్ట్ లూయీ స్టీవెన్సన్ 1880 మే 19న శాన్‌ఫ్రాన్సిస్కోలో ఫ్యానీ ఆస్‌బోర్న్‌ని పెళ్లి చేసుకున్నాడు. ఆమె అతనికన్నా పదేళ్లు పెద్ద. మొదటి భర్తతో విడాకులు తీసుకుంది, ఎదిగొస్తున్న కొడుకు వెంట ఉన్నాడు. స్టీవెన్సన్ అంతకుముందే ఊపిరితిత్తుల జబ్బుతో చావు దాకా వెళ్లి వచ్చాడు. చేతిలో డబ్బు అంతంత మాత్రం. లోయకు ఉత్తర కొసన ఉన్న కాలిస్టోగాకు చేరి, అక్కడి హోటల్ ఖర్చు మోయలేక, సెయింట్ హెలెనా కొండ మీద మూతపడిన సిల్వరాడో గని దగ్గర పనివాళ్లు వదిలేసిపోయిన పాడుబడ్డ ఇంట్లో మకాం పెట్టారు. కొత్త దంపతులు, పిల్లాడు, ఒక కుక్క. తలుపులు సరిగా లేవు, కిటికీలకు అద్దాలు లేవు. చేరిన కొత్తలోనే తల్లీకొడుకులకు డిఫ్తీరియా సోకి కొండ దిగాల్సి వచ్చింది. కోలుకుని మళ్లీ ఎక్కారు. ఆ వేసవి గురించే స్టీవెన్సన్ తర్వాత ‘ది సిల్వరాడో స్క్వాటర్స్’ అనే చిన్న పుస్తకం రాశాడు.

అందులో జేకబ్ ష్రామ్ తోటకు వెళ్లిన ఘట్టం ఒకటుంది. ష్రామ్ జర్మనీ నుంచి వలస వచ్చినవాడు, మంగలి పని చేసి బతికినవాడు. 1862లో ఆ కొండవాలు కొని ద్రాక్ష వేశాడు. స్టీవెన్సన్ కొండలోకి తవ్విన మాళిగలో కూర్చుని, ష్రామ్ ఒంపిన రకాలన్నీ వరసగా రుచి చూశాడు. అంతసేపూ ఫ్యానీ బయట వరండాలో ష్రామ్ భార్యతో ఉంది. నాపా వైన్‌ని మెచ్చుకుంటూ ఆ పుస్తకంలో ఆయన రాసిన మాటను ఇవాళ హైవే పక్కన లోయ స్వాగత ఫలకం మీద చెక్కి పెట్టారు. వరండాలో ఫ్యానీకి ఆ పూట ఎలా గడిచిందో ఏ ఫలకమూ చెప్పదు.

ఆయన్ని తప్పుపట్టడానికి ఇది చెప్పడం లేదు. చలీ వానా కాచుకోలేని ఇంట్లో, రోగిష్టి మొగుడితో హనీమూన్ గడిపిన ఆవిడకు ఆ వరండా ఒక విశ్రాంతే అయి ఉండొచ్చు. నేనడిగేది వేరు. ఈ రోజుల్లో కూడా ఏ శనివారమైనా ఏ వైనరీకైనా వెళ్లి చూడండి. లోపల ఒకరు గ్లాసు తిప్పి తిప్పి వాసన చూస్తుంటారు. పార్కింగ్‌లో, చెట్టు కింద బల్ల మీద ఇంకొకరు ఫోన్ చూసుకుంటూ ఉంటారు. ఆ ఫోన్‌లో కూడా కబుర్లుండవు, ఎందుకంటే ఎండాకాలంలో మన దేశానికీ కాలిఫోర్నియాకీ పన్నెండున్నర గంటల తేడా. ఇక్కడ మధ్యాహ్నం అయ్యేసరికి అక్కడ అర్ధరాత్రి దాటి ఉంటుంది, అమ్మకూ అక్కకూ చేసే వేళ కాదు. దీన్ని వరండా సమస్య అందాం. ఈ అధ్యాయమంతా దాన్ని ఎలా తప్పించుకోవాలన్నదే.

లెక్క చూసుకోండి

వైన్ తాగడం మంచిదా చెడ్డదా అన్న చర్చ ఇక్కడ పెట్టను. ఎంత తాగుతున్నామో తెలియకుండా తాగుతామన్నది మాత్రం చెప్పాలి. టేస్టింగ్‌లో ఒక్కో రకం ఒకటి నుంచి రెండు ఔన్సుల దాకా పోస్తారు. సగటున 45 మిల్లీలీటర్లు అనుకోండి. ఒకచోట అయిదు రకాలు రుచి చూస్తే 225 మిల్లీలీటర్లు. రోజుకు మూడు చోట్ల ఆగితే 675. వైన్ సీసా నిండా పట్టేది 750. అంటే ‘కాస్త రుచి చూశానంతే’ అంటున్న మనిషి కడుపులో సాయంత్రానికి దాదాపు ఒక సీసా ఉంటుంది. పైగా నాపాకు పేరు తెచ్చిన కాబర్నే సావిన్యాన్‌లో మద్యం పాలు తరచు 14 శాతం దాటుతుంది. అమెరికా లెక్కలో ఒక ‘డ్రింకు’ అంటే 12 శాతం ఉన్న వైన్ అయిదు ఔన్సులు. ఆ లెక్కన అయిదు డ్రింకుల పైమాటే. ఒక్కో డ్రింకు కరగడానికి ఒంటికి సుమారు ఒక గంట పడుతుంది. మజ్జిగ తాగినా, కాఫీ తాగినా ఆ గంట తగ్గదు.

కాలిఫోర్నియాలో వంద మిల్లీలీటర్ల రక్తంలో 80 మిల్లీగ్రాముల మద్యం ఉంటే నేరం. మన దేశంలో హద్దు 30 మిల్లీగ్రాములే కదా, అక్కడ సడలింపు ఎక్కువేనని సంబరపడేవాళ్లున్నారు. అక్కడి పోలీసు, అంకె హద్దు లోపల ఉన్నా మీరు తూలుతూ నడుపుతున్నారని తోస్తే కేసు పెట్టొచ్చు. వీసా మీద ఉన్నవాళ్లకు ఇంకో ప్రమాదం ఉంది. తాగి నడిపిన కేసులో అరెస్టయితే చాలు, కోర్టులో నేరం రుజువు కాకముందే వీసాను రద్దు చేసే అధికారం అమెరికా విదేశాంగ శాఖకుంది. చేసిన సందర్భాలూ ఉన్నాయి. ఒక మధ్యాహ్నపు రెండు గుక్కల కోసం పదేళ్ల ఉద్యోగాన్నీ, ఇంటి లోన్‌నీ, పిల్లల చదువునీ పణంగా పెట్టేంత గొప్ప వైన్ ఆ లోయలో ఎవరూ చెయ్యడం లేదు.

ఇందులోంచి ఒక దారి ఉంది, మనవాళ్లకు అంతగా రుచించదు. కౌంటర్ మీద ప్రతి చోటా ఒక పాత్ర పెట్టి ఉంటుంది. నోట్లో పోసుకుని, పుక్కిలించి, అందులో ఉమ్మేయొచ్చు. వైన్ చేసేవాళ్లు, కొనేవాళ్లు రోజూ చేసేది అదే. డెబ్భై డాలర్లు కట్టి ఉమ్మడమేమిటని మన ప్రాణం ఒప్పుకోదు. అయినా ఉమ్మితే నడపొచ్చని కూడా అనుకోకండి, కొంత లోపలికి పోతూనే ఉంటుంది. ఉమ్మడం తాగేవాళ్లు రెండో వైనరీ దాకా నిలబడడానికి పనికొస్తుంది. నడిపేవాళ్లకు పనికొచ్చేది మంచినీళ్లే.

కాబట్టి బయల్దేరే ముందు రాత్రే తేల్చుకోండి: రేపు ఎవరు నడుపుతారు? ‘చూద్దాంలే’ అన్నది జవాబు కాదు. చూద్దాంలే అన్న ఇంట్లో ఎవరు నడపాల్సొస్తుందో అందరికీ తెలుసు. ఎవరు ఎక్కువ సర్దుకుపోతారో వాళ్లే. ఆ సర్దుబాటుకు ఎవరూ థాంక్స్ చెప్పరు, అదసలు సర్దుబాటని కూడా ఎవరికీ తట్టదు. అలవాటైన త్యాగం కంటికి ఆనదు.

నడిపేవాళ్లదే మాట

గ్లాసు వదులుకున్నవాళ్లకు ఆ రోజు బదులుగా ఏం దక్కాలి? నా జవాబు: అధికారం. ఆ రోజు ఎక్కడ ఆగాలి, ఎంతసేపు ఆగాలి, ఎప్పుడు లేవాలి, మధ్యాహ్నం ఎక్కడ తినాలి, సాయంత్రం ఏ దారిన తిరిగి రావాలి, అన్నీ నడిపేవాళ్లే తేల్చాలి. తాగేవాళ్లు ‘ఇంకొక్కటి’ అనే హక్కు కోల్పోతారు. మర్నాడు పాత్రలు మారతాయి. ఇది సమానత్వం గురించి ఉపన్యాసం కాదు, కచ్చితమైన మారకం. ఒకరు ఒకటి ఇచ్చారు, ఇంకొకటి పుచ్చుకున్నారు. లెక్క ఆ రోజుతో సరి. ఇంటికొచ్చాక ‘ఆ రోజు నీకోసం నేను...’ అని మొదలయ్యే వాక్యానికి చోటుండదు.

నడిపేవాళ్లు ఈ అధికారాన్ని పొదుపుగా వాడుకోనక్కర్లేదు. వైన్‌తో సంబంధం లేనివి ఆ చుట్టుపక్కల బోలెడు. కాలిస్టోగాలో అగ్నిపర్వతపు బూడిద కలిపిన వెచ్చటి బురదలో మెడదాకా కూరుకుని పడుకునే స్నానాలున్నాయి. ఉండుండి వేడినీళ్లు ఆకాశంలోకి చిమ్మే గీజర్ ఉంది. సెయింట్ హెలెనా దాటాక 1846 నాటి నీటి తిరగలి ఉంది, బేల్ గ్రిస్ట్ మిల్ అంటారు. ఆ చక్రం ముందు నిలబడితే ఊళ్లో పిండిమర చప్పుడు గుర్తొచ్చి కాసేపు కదలబుద్ధి కాదు. స్టీవెన్సన్ దంపతులు మకాం పెట్టిన చోటికి ఆయన పేరు మీదున్న పార్కులో కాలిబాట ఉంది. ఇల్లు ఎప్పుడో పోయింది, గుర్తుగా రాతి పుస్తకం ఒకటి నిలిపారు.

నన్నడిగితే నడిపేవాళ్ల రోజును సొనోమా వైపున్న గ్లెన్ ఎలెన్‌లో గడపమంటాను. అక్కడ రచయిత జాక్ లండన్ పొలం ఇప్పుడు పార్కు. జాక్, ఛార్మియన్ దంపతులు 1911 వేసవిలో నాలుగు గుర్రాల బండి కట్టుకుని ఉత్తర కాలిఫోర్నియా, ఒరెగాన్ అంతా తిరిగి వచ్చారు. తమకోసం రాతితో, రెడ్‌వుడ్ దుంగలతో ‘వుల్ఫ్ హౌస్’ అనే పెద్ద ఇల్లు కట్టించుకున్నారు. సామాను చేర్చబోతుండగా 1913 ఆగస్టులో ఒక రాత్రి అది కాలిపోయింది. మూడేళ్లకు, నలభయ్యో ఏట, జాక్ పోయాడు. ఛార్మియన్ ఆ పొలంలోనే ఇంకో ఇల్లు కట్టించుకుని 1955 దాకా బతికింది. ఆ ఇల్లే ఇప్పుడు మ్యూజియం. కాలిన ఇంటి గోడలు చెట్ల మధ్య అలాగే నిలబడి ఉన్నాయి, నడిచి వెళ్లి చూడొచ్చు. ఇంటి లోన్, రీమోడలింగ్ తప్ప ఇంకో కబురు లేని దంపతులకు ఆ గోడల దగ్గర మాట్లాడుకోవడానికి ఏదో ఒకటి తప్పక దొరుకుతుంది.

ఇద్దరిలో ఒకరు అసలు ముట్టని ఇళ్లు మనలో ఎక్కువ. ‘మా ఆవిడ తాగదు కాబట్టి డ్రైవింగ్ గొడవే లేదు’ అని ధీమాగా చెప్పే మగవాళ్లు నాకు చాలామంది తెలుసు. గొడవ అక్కడే ఉంది. తాగని మనిషిని జీతం లేని డ్రైవర్‌గా లెక్కేసుకున్నారన్నమాట. ఆమెకు వైన్ అక్కర్లేకపోవచ్చు, ఆ పగలు మాత్రం ఆమెకూ కావాలి. అలాంటి జంటలు పైన చెప్పిన మారకాన్ని ఇంకా గట్టిగా పాటించాలి. మూడు రోజుల ప్రయాణమైతే వైనరీలకు ఒక రోజు, ఆమె కోరిన చోట్లకు రెండు రోజులు. ఇంకాస్త ఉత్తరంగా మెండొసీనో కౌంటీలో ఆండర్సన్ వ్యాలీ ఉంది. అక్కడ ఫిలో అనే ఊళ్లో నవారో వైన్‌యార్డ్స్ వాళ్లు వైన్‌తో పాటు, వైన్ చేసే ద్రాక్షతోనే పులియబెట్టని రసం కూడా సీసాల్లో పోసి అమ్ముతారు. తాగనివాళ్లకు కోకా కోలా చేతిలో పెట్టి పక్కకు కూర్చోబెట్టకుండా, అదే తోట రుచిని వాళ్లకూ అందించే చోటు అది. దారి మాత్రం మెలికలు మెలికలు. కడుపులో తిప్పే అలవాటున్నవాళ్లు ముందు సీట్లో కూర్చోండి.

పక్కసీట్లో కూర్చున్నవాళ్ల పని

కారులో గొడవలకు సగం కారణం పక్కసీటు. గ్లాసు చేతికొచ్చింది కదా అని పక్కసీట్లోవాళ్లకు పని లేకుండా పోదు. దారి చెప్పడం, టైము చూడడం, వైనరీకి ‘పది నిమిషాలు ఆలస్యమవుతోంది’ అని ఫోన్ చెయ్యడం, నీళ్ల సీసా మూత తీసి ఇవ్వడం వాళ్ల డ్యూటీ. నడుపుతూ ఫోన్ చేత్తో పట్టుకోవడం అక్కడ నేరం కాబట్టి, ఫోన్‌తో పనులన్నీ పక్కసీటువే.

మాట్లాడే తీరుకు ఒక్క నియమం పెట్టుకోండి. ముందు రాబోయేది చెప్పాలి, దాటిపోయింది చెప్పకూడదు. ‘అర మైలు తర్వాత కుడికి’ అన్నది సాయం. ‘అయ్యో, అదేనండీ, దాటేశారు’ అన్నది తీర్పు. మొదటి దానికి కారు తిరుగుతుంది, రెండో దానికి మనసు విరుగుతుంది. దాటిపోయిన ఎగ్జిట్ గురించి ఎంత మాట్లాడినా వెనక్కి రాదు, తర్వాతి ఎగ్జిట్ ఎలాగూ ఉంటుంది. ‘నీకు చెబితే వినవు’, ‘మీ నాన్నగారూ ఇంతే’ లాంటి మాటలకు జీపీఎస్ దగ్గర ఏ మార్గమూ లేదు.

ఇండియా నుంచి చుట్టపుచూపుగా వచ్చి అద్దె కారు తీసుకునే దంపతులకు పక్కసీటు అవసరం ఇంకా ఎక్కువ. రోడ్డుకు కుడివైపున నడపాలి, స్టీరింగు ఎడమవైపు ఉంటుంది, వేగం మైళ్లలో రాసి ఉంటుంది. నాలుగు వైపులా స్టాప్ బోర్డులున్న కూడలిలో ముందొచ్చినవాళ్లు ముందు వెళ్లాలి. ఇద్దరు ఒకేసారి వస్తే కుడివైపున్నవాళ్లది ముందు వంతు. హారన్ మాట మరిచిపోండి. మొదటి రోజు ఎడమకు తిరిగిన ప్రతిసారీ ‘కుడి పక్కకి, కుడి పక్కకి’ అని నెమ్మదిగా గుర్తుచేసే గొంతు పక్కనుంటే సగం ప్రమాదం తప్పుతుంది. నెమ్మదిగా అన్నాను, గమనించండి.

మాట్లాడకుండా ఉండడం కూడా పక్కసీటు పనే. ఇంట్లో ఎదురెదురుగా కూర్చుని చెప్పుకోలేనివి కొన్ని, ఇద్దరూ ముందుకు చూస్తూ ఉన్నప్పుడు తేలిగ్గా బయటికొస్తాయి. అవి రావాలంటే పాటలు కాసేపు ఆగాలి.

రోజుకు రెండు, కుడివైపువి

నాపా లోయ చిన్నది. పొడవు సుమారు 30 మైళ్లు, వెడల్పు బాగా విచ్చుకున్న చోట కూడా అయిదు మైళ్లు. కాలిఫోర్నియా వైన్‌లో ఇక్కడ తయారయ్యేది నూటికి నాలుగు పాళ్లే. అయినా నాలుగు వందలకు పైగా వైనరీలున్నాయి. చిన్న చోటు కదా, రోజుకు అయిదారు చూసేద్దామనిపిస్తుంది. రెండు చాలు. పొద్దున ఒకటి, భోజనమయ్యాక ఒకటి. మూడోదాని దగ్గర నాలుక మొద్దుబారుతుంది, నడిపేవాళ్ల ఓపిక అయిపోతుంది, ఫొటోల్లో నవ్వు అతికించినట్టుంటుంది.

లోయ పొడవునా సమాంతరంగా రెండు రోడ్లు. పడమటి వైపు హైవే 29. యాంట్‌విల్, ఓక్‌విల్, రదర్‌ఫర్డ్, సెయింట్ హెలెనా ఊళ్ల మీదుగా కాలిస్టోగా దాకా పోతుంది. పేరున్న వైనరీల్లో చాలా, వాటితో పాటు ట్రాఫిక్ అంతా దాని మీదే. తూర్పు వైపు సిల్వరాడో ట్రయిల్. సిగ్నల్స్ తక్కువ, తోటలు కళ్ల నిండా. హైవే 29 మీద సిగ్నల్ లేని చోట ఎడమకు తిరిగి వైనరీలోకి దూరడం, మళ్లీ ఎడమకు తిరిగి బయటపడడం వారాంతాల్లో నరకం. అందుకని పైకి వెళ్లేటప్పుడు కుడివైపున్న వైనరీ ఒకటి, కిందికి వచ్చేటప్పుడు కుడివైపున్నది ఒకటి ఎంచుకోండి. ఈ చిన్న చిట్కా ఎన్ని కాపురాల్లో ఎన్ని విసుర్లు తప్పించిందో లెక్కలేదు.

వేళ కూడా ముఖ్యం. దక్షిణాన శాన్ పాబ్లో బే మీదుగా పొగమంచు లోయలోకి చొరబడుతుంది కాబట్టి కిందిభాగం చల్లగా ఉంటుంది. అందుకే కార్నెరోస్‌లో పినో నోయా, షార్డొనే పండుతాయి. ఉత్తర కొస కాలిస్టోగా ఎండాకాలం మధ్యాహ్నాలు మండిపోతుంది. పొద్దున్నే పైకి వెళ్లి, ఎండ ముదిరేసరికి కిందికి దిగుతూ రండి. ఆగస్టు నుంచి అక్టోబరు దాకా కోతలు, సందడి, రేట్లు అన్నీ ఎక్కువే. జనం వద్దనుకుంటే ఫిబ్రవరిలో వెళ్లండి. తీగలు ఆకు రాల్చి మోడుగా ఉంటాయి, వాటి వరసల మధ్య ఆవపూలు పసుపు ఆరబోసినట్టు విరగబూసి ఉంటాయి. గదులూ చవక.

అపాయింట్‌మెంట్ లేకుండా వెళ్లకండి. 1990లో నాపా కౌంటీ చేసిన నిబంధన ప్రకారం ఆ తర్వాత వచ్చిన వైనరీలు ముందే రాయించుకున్నవాళ్లనే రానివ్వాలి. పొద్దున కడుపు నిండా తిని బయల్దేరండి. ఇడ్లీలో, పెరుగన్నమో, ఏదైనా సరే, ఖాళీ కడుపుతో మాత్రం వద్దు. పులిహోర డబ్బా తీసుకెళ్లేవాళ్లు వైనరీ ఆవరణలో తినొచ్చో లేదో ముందే అడగండి. చాలాచోట్ల ఒప్పుకోరు.

రుచి ఎవరిది వారిదే

1976 మే 24న పారిస్‌లో ఒక పోటీ జరిగింది. స్టీవెన్ స్పరియర్ అనే ఇంగ్లీషు వైన్ వ్యాపారి సీసాల పేర్లు కనిపించకుండా ఫ్రెంచి వైన్లనూ కాలిఫోర్నియా వైన్లనూ కలిపి పోయించాడు. మార్కులు వేసినవాళ్లు పేరుమోసిన ఫ్రెంచి నిపుణులు. తెల్ల వైన్లలో షాటో మాంటెలీనా, ఎర్ర వైన్లలో స్టాగ్స్ లీప్ వైన్ సెల్లార్స్ మొదటి స్థానాల్లో నిలిచాయి. రెండూ నాపావే. లేబుల్ కనిపించి ఉంటే ఆ మార్కులు అలా పడేవి కావని అందరికీ తెలుసు.

దంపతుల మధ్య లేబుల్ పని చేసేది భర్తో భార్యో. ఒకరు యూట్యూబ్‌లో నాలుగు వీడియోలు చూసి వచ్చి ‘ఇందులో చెర్రీ వాసన వస్తోంది చూడు’ అంటారు. రెండోవాళ్లకు వచ్చేది నానబెట్టిన చింతపండు వాసన. పైకి చెప్పరు. ‘అవును, చెర్రీయే’ అంటారు. అక్కడితో రెండో మనిషికి ఆ ఆట అయిపోయింది. కాబట్టి ఇద్దరూ తాగే చోట, లేదా తాగనివాళ్లు వాసన చూసి సరిపెట్టుకునే చోట, మాట్లాడకముందే ఎవరికి వారు కాగితం మీద ఒక్క ముక్క రాసుకోండి. తర్వాత మార్చుకుని చదవండి. చింతపండు అని రాసినవాళ్లు తప్పు కాదు. చిన్నప్పటి నుంచి మన ముక్కుకు తెలిసినవి మామిడిజీడి, కరక్కాయ, తడిసిన గోనెసంచి, వానాకాలపు మట్టి. బ్లాక్‌కరెంట్ ఎలా ఉంటుందో ఎన్నడూ ఎరగని ముక్కు దాన్ని ఎక్కడ వెతుకుతుంది? ఎదుటివాళ్ల రుచిని సరిదిద్దే అలవాటు వైన్ దగ్గర మానేస్తే, సినిమాల దగ్గరా వంకాయకూర దగ్గరా కూడా కాస్త తగ్గుతుంది.

డబ్బు విషయం క్లుప్తంగా. నాపాలో టేస్టింగ్ చాలాచోట్ల మనిషికి 40 డాలర్ల పైనే, పేరున్నచోట వంద దాటుతుంది. సొనోమా కాస్త నయం. ఇద్దరికి ఒకటే తీసుకుని పంచుకుంటామంటే కొన్నిచోట్ల సరేనంటారు. ప్రతిదాన్నీ రూపాయల్లోకి మార్చి పైకి చదవకండి, ముఖ్యంగా ఎదుటివాళ్ల గ్లాసు నోటి దగ్గర ఉన్నప్పుడు. నాలుగు గ్లాసులయ్యాక, అమ్మే మనిషి చిరునవ్వుతో ‘మా వైన్ క్లబ్‌లో చేరండి’ అంటుంది. ఏడాది పొడవునా ఇంటికి సీసాలు వస్తుంటాయి, కార్డు మీంచి డబ్బు పోతుంటుంది. ఒకరు తాగి, ఒకరు తాగకుండా ఉన్నప్పుడు సంతకాలు పెట్టకూడదు. ‘రాత్రి మాట్లాడుకుని రేపు చెబుతాం’ అనండి. మర్నాడు పొద్దున చాలామందికి ఆ క్లబ్ పేరే గుర్తుండదు.

కొన్న సీసాలు ఎండలో కారులో వదిలేస్తే పాడైపోతాయి, ఐస్ బాక్స్ ఒకటి పెట్టుకోండి. మూత తీసిన సీసా సీట్ల దగ్గర ఉండకూడదు, డిక్కీలోనే ఉండాలి. అది కూడా చట్టమే. ఇండియాకు తిరిగొచ్చేవాళ్లు పన్ను లేకుండా మనిషికి రెండు లీటర్ల దాకా తెచ్చుకోవచ్చు, అంటే తలా రెండు సీసాలు.

ఇక అన్ని ఇళ్లకూ ఈ మారకం కుదరదు. ఇద్దరిలో ఒకరికే లైసెన్సు ఉండొచ్చు. డిపెండెంట్ వీసా మీద కొత్తగా వచ్చిన అమ్మాయికి ఇంకా డ్రైవింగ్ రాకపోవచ్చు, లేదా ఇద్దరికీ వైన్ అంటే ఇష్టం ఉండి ఎవరూ వదులుకోలేకపోవచ్చు. అప్పుడు బలవంతాన వంతులు వేసుకోకండి. గంటల లెక్కన వచ్చి మీ కారునే నడిపిపెట్టే డ్రైవర్లు నాపాలో దొరుకుతారు. 1989 నుంచి నడుస్తున్న వైన్ ట్రెయిన్ ఉంది, నాపా నుంచి సెయింట్ హెలెనా దాకా వెళ్లి వస్తుంది. ఖర్చే, కానీ నాలుగు టేస్టింగులు మానేస్తే అందులో చాలావరకు వెళ్లిపోతుంది.

ఇప్పుడు ఒక పని చెయ్యండి. గదులు చూడకముందే క్యాలెండర్ తీసి, ఏ రోజు ఎవరు నడుపుతారో ఆ తేదీ మీద పేరు రాయండి. ఒకరి పేరు ఒకరు కాదు, ఎవరి పేరు వాళ్లే రాయాలి. అన్ని రోజులకూ ఒకే పేరు పడితే గదికన్నా ముందు డ్రైవర్‌ని బుక్ చెయ్యండి.